కె-7 ఎవరి చర్మం

1997లో నేను దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లోని ఒక వైద్య కళాశాలలో టిష్యూ కల్చర్ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. మనిషి నుంచి తీసిన కణాలను శరీరం బయట, ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో, వెచ్చదనమూ ఆహారమూ అందిస్తూ బతికించడమే టిష్యూ కల్చర్. అంతకు ముందు హైదరాబాదులో ఒక టీకాల సంస్థలో ఇదే పని చేశాను. మా ఆయనకు డర్బన్ శివారు ఇసిపింగోలో హైస్కూలు ఫిజిక్స్ టీచరుగా ఉద్యోగం వస్తే ఇద్దరం వచ్చేశాం. ఏడాది తిరక్కుండా నాకు ఈ ల్యాబులో మూడేళ్ల కాంట్రాక్టు దొరికింది.

ల్యాబు అంటే ఆసుపత్రి లాండ్రీకి ఆనుకుని ఉన్న రెండు గదులు. మా పెద్ద ప్రొఫెసర్ హార్లన్. కాలిన గాయాల మీద పనిచేసే తెల్లజాతి డాక్టరు, మాట తక్కువ మనిషి. నాతోపాటు తాందెకా అనే జూలూ ఆవిడ ఉండేది. పదహారేళ్లు ఆ ల్యాబులోనే సీసాలు కడిగే ఉద్యోగంలో ఉండి, తెల్లవాళ్ల ప్రభుత్వం పోయాక టెక్నీషియన్ అయింది. కాగితం మీద పేరు మారింది గానీ పని కొత్తదేమీ కాదు. అంతకు ముందు కూడా ద్రవాలు తీసి పోసే పైపెట్ గొట్టం ఎలా పట్టుకోవాలో కొత్తగా వచ్చిన డాక్టర్లకు చూపించింది తాందెకాయే.

మా రిజిస్టరు కూడా వర్ణవివక్ష పాటించిన ఆ పాత ప్రభుత్వం నాటిదే. దాత పేరు, వయసు, వార్డు, వాటి పక్కన జాతి అని ఒక గడి. కొత్త రాజ్యాంగం వచ్చాక తాందెకా ఆ గడి మీద స్కేలు పెట్టి ఎర్ర గీత కొట్టింది. అనుమతి అనే గడి మాత్రం అందులో ఎప్పుడూ లేదు. ఆపరేషన్‌లో మిగిలిన చర్మం ముక్కలు ఎలాగూ పారేసేవే కాబట్టి ల్యాబుకు పంపేవారు. రోగిని అడగాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

మామూలు చర్మ కణాలు ఫ్లాస్కులో కొన్నాళ్లే పెరుగుతాయి. అవి నిండినప్పుడల్లా కొన్నిటిని తీసి కొత్త ఫ్లాస్కులో వేస్తాం. దాన్ని పాసేజ్ అంటారు. కొన్ని పాసేజ్‌లు గడిచాక అవి అలసిపోతాయి. వెడల్పుగా పరుచుకుని, విభజన ఆపేసి, మెల్లగా చచ్చిపోతాయి. ఎప్పుడో, ఎక్కడో, ఒక కణంలో ఏదో మారి అది చావడం మానేస్తుంది. దాని సంతతిని ఏళ్ల తరబడి పెంచుకోవచ్చు, గడ్డకట్టించి దేశాలు దాటించవచ్చు. అలాంటిదాన్ని ఇమ్మోర్టలైజ్డ్ సెల్ లైన్ అంటారు. మందులూ కట్లూ మనిషి మీద వాడే ముందు ఆ కణాల మీద వేసి చూస్తారు.

మా దగ్గర అలాంటి లైన్ ఒకటి ఉండేది. విదేశం నుంచి వచ్చిన పాత లైన్ అది. అయితే మా వార్డుల్లో ఒళ్లు కాలి పడుకున్నవాళ్లు జూలూలు, ఒకప్పుడు చెరకు తోటల కూలీకి వచ్చిన భారత సంతతివాళ్లు. వాళ్ల చర్మం నుంచి ఇక్కడే ఒక లైన్ తయారు కావాలన్నది ప్రొఫెసర్ కోరిక. అందుకోసం వచ్చిన ప్రతి ముక్కనూ, అలసిపోయాక కూడా పారేయకుండా, ఆశపెట్టుకుని పోషిస్తూ ఉండేవాళ్లం.

ఏడో నమూనాకు కె-7 అని పేరు పెట్టాం. మిగతావాటి లాగే అది కూడా అలసిపోయింది. మూడు వారాలు ఫ్లాస్కులో కదలిక లేదు. ఒక సోమవారం మైక్రోస్కోపు కింద పెడితే ఒక మూల చిన్న గుంపు కనిపించింది. గుండ్రంగా, దగ్గర దగ్గరగా, మెరుస్తున్న కణాలు. వారం తిరిగేసరికి అవి ఫ్లాస్కు నిండాయి. ప్రొఫెసర్‌ను పిలిస్తే ఆయన చాలాసేపు చూసి, లేచి, నాతో కరచాలనం చేశాడు. అంతకు ముందు ఎప్పుడూ చేయలేదు.

తాందెకా కూడా చూసింది. అరవై దాటిన మనిషి కణాలు ఇంత ఆత్రంగా పెరగడం తను చూడలేదని అంది. కె-7 గుణమే అది, అందుకే అది ప్రత్యేకం అన్నాను. అప్పుడు నేను తాందెకా మాట విని ఉంటే తర్వాతి ఏడు నెలలు వేరుగా ఉండేవి.

ప్రొఫెసర్ పేపరు రాశాడు. విదేశంలోని ఒక పరిశోధనశాల కె-7ను తమకూ పంపమని అడిగింది. పంపే ముందు రెండు కాగితాలు కావాలంది. ఒకటి దాత అనుమతి. రెండోది దాత రక్తంతో సరిపోయిన డీఎన్ఏ ఫింగర్‌ప్రింట్, అంటే ఈ కణాలు ఫలానా మనిషివేనని చెప్పే పరీక్ష. రిజిస్టరు తీసి చూశాం. మిసెస్ అచ్చమ్మ నాయుడు, అరవై మూడేళ్లు, ఉమ్‌కోమాస్. ప్రొఫెసర్ ఆ పేరు చూసి, మీ భాష మనిషిలాగుంది, మీరే వెళ్లి సంతకం తీసుకురండి అన్నాడు. అడక్కుండా శాస్త్ర ప్రయోగం చేయకూడదని కొత్త రాజ్యాంగంలోనే రాసి ఉందని, ఆలస్యం చేయవద్దని కూడా అన్నాడు.

ఉమ్‌కోమాస్‌కు తాందెకా తన కారులో తీసుకెళ్లింది. దక్షిణ తీరం రోడ్డు మీద ఒక పక్క సముద్రం, ఒక పక్క చెరకు. ఊరు రాకముందే కలప గుజ్జు చేసే పల్ప్ మిల్లు వాసన కారులోకి వచ్చింది. అచ్చమ్మ గారి భర్త ఆ మిల్లులోనే పనిచేసి పోయాడట. ఇప్పుడు ఆవిడ కూతురు సరస్, మనవరాలితో ఉంటోంది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. ఉక్కపోతగా ఉన్నా మణికట్టు దాకా చేతులున్న గౌను వేసుకుంది.

నేను తెలుగులో నమస్కారం చెబితే ఆవిడ కుర్చీ చూపించింది.

“కూకో అమ్మాయి. నాకు తెలుగు సానా రాదు. మా అవ్వ మాట్లాడేది. నేను ఇంగ్లీషే” అంది.

చర్మం గురించి మాట్లాడటానికి వచ్చానన్నాను. ఆ మాట ఆవిడకు తెలియలేదు. స్కిన్ అన్నాను.

“ఓ, తోలా? అట్టా సెప్పు. తోలు వొలిసేస్తా అని మా అవ్వ తిట్టేది మమ్మల్ని.”

రెండేళ్ల కిందట గుడి పండక్కి గారెలు వేస్తుంటే నూనె మూకుడు తిరగబడి ఆవిడ కుడి చెయ్యి మోచేతి పైదాకా కాలింది. తొడ నుంచి చర్మం తీసి చేతికి అతికించారు. దాన్నే స్కిన్ గ్రాఫ్ట్ అంటారు. తొడ నుంచి తీసినదాంట్లో మిగిలిన ముక్క మాకు వచ్చింది. ఇదంతా తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నది.

“నా తోలు ఇంకా బతికుండాదా?”

“ఉంది ఆంటీ. పెరుగుతోంది.”

“నన్ను అడగలా.”

“అడగలేదు. అందుకే ఇప్పుడు వచ్చాం.”

“ఇప్పుడు వద్దంటే?”

ప్రొఫెసర్ నాకు సంతకం పెట్టించుకోవలసిన కాగితం ఇచ్చాడు గానీ ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. వద్దంటే ఆపేస్తామన్నాను. ఆ మాట అనడానికి నాకు అధికారం లేదని నాకు తెలుసు. తాందెకా నా వైపు చూసి తల దించుకుంది.

ముందు చూపించమని, చూశాకే సంతకం చేస్తానని ఆవిడ అంది.

మరుసటి వారం సరస్ ఆవిడను ల్యాబుకు తీసుకొచ్చింది. ఎత్తుకు సరిపోయేలా స్టూలు సర్ది, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఆవిడకు మొదట తన కనురెప్పలే కనిపించాయి. కన్ను ఎక్కడ పెట్టాలో తాందెకా చూపించింది. తర్వాత అచ్చమ్మ గారు కదలలేదు.

“ఇది నేనా?”

మీ చర్మం నుంచి వచ్చిన కణాలే అన్నాను.

“నా సెయ్యి సూస్తే నా మనవరాలు మొకం తిప్పుకుంటది. ఇదేమో సక్కగా ఉండాది” అంది కన్ను తీయకుండానే.

సంతకం చేసింది. రెండు షరతులు పెట్టింది. దీన్ని అమ్మకూడదు. దీని గురించి ఏం తెలిసినా, మంచైనా చెడ్డైనా, నేనే ఇంటికొచ్చి తనకు చెప్పాలి. రెండింటినీ కాగితం మీద రాసి కింద నేనూ సంతకం చేశాను. నర్సు రక్తం తీసింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ తాందెకాతో జూలూలో ఏదో అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. ఏమందని అడిగితే, తన ఇంటికి రావడానికి ఇక దారి తెలుసు కదా అని అందట.

ఆరు వారాల తర్వాత ఫింగర్‌ప్రింట్ కవరు వచ్చింది. కె-7 కణాలు అచ్చమ్మ గారి రక్తంతో సరిపోలేదు. అంతే కాదు, అవి ఆడమనిషివే కావు.

రక్తం ట్యూబులు తారుమారు అయి ఉంటాయని ప్రొఫెసర్ అన్నాడు. మళ్లీ పంపాం. మళ్లీ అదే జవాబు. అప్పుడు తాందెకా, మన దగ్గరున్న పాత లైన్‌ను కూడా పక్కన పెట్టి పరీక్ష చేయించమంది. పాత లైన్ ఒక మగమనిషి చర్మం నుంచి వచ్చినదే. చేయించాం. కె-7 అనుకున్నదీ పాత లైనూ ఒకటే అని తేలింది.

ఆ రోజు నేను నా నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. ఏ రోజు ఏ ఫ్లాస్కుకు ఏ సీసా నుంచి మీడియం పోశామో రాసుకుంటాం. మీడియం అంటే కణాలకు వేసే ద్రవాహారం. ఒక లైన్‌కు వాడిన సీసా ఇంకో లైన్‌కు వాడకూడదు. ఇది మొదటి రోజు నేర్పే నియమం, నేనే పదిమందికి నేర్పాను. తాందెకా సెలవులో ఉన్న ఒక శుక్రవారం, ఉదయం పాత లైన్‌కు వాడిన సీసా నుంచే సాయంత్రం కె-7కు పోశాను. సీసా నంబరు రెండు చోట్లా నా చేతిరాతలోనే ఉంది. పైపెట్ మొనతో పాత కణాలు ఒకటో రెండో సీసాలో పడి ఉంటాయి. అవి కె-7లో అలసిపోయిన కణాల మధ్య చేరి, వాటి చోటు ఆక్రమించాయి. మూలన మెరుస్తూ కనిపించిన గుంపు అదే. తేదీలు చూస్తే సరిగ్గా పది రోజుల తేడా.

ఆ పేజీని ఎవరూ చూసి ఉండరు. ప్రొఫెసర్ నోట్‌బుక్కులు తెరిచేవాడు కాదు. నా కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలే ఉంది, ఈ దేశంలో నేను పనిచేసే పర్మిట్ ఆ కాంట్రాక్టు మీదే ఉంది. ఈ లెక్కలన్నీ నా తలలో తిరిగాయని ఒప్పుకుంటాను. అయినా నోట్‌బుక్కు తీసుకుని ఆయన గదికి వెళ్లాను.

ఆయన రెండు పేజీలూ చదివాడు. ఇంకెవరికి తెలుసని అడిగాడు. తాందెకాకు చెప్పి వచ్చానన్నాను. రెండు రోజులు టైము కావాలన్నాడు. ఆ రెండు రోజులూ తాందెకా, నేనూ సీసాలు కడుక్కుంటూ, ఫ్లాస్కులు చూసుకుంటూ ఉన్నాం. మూడో రోజు ఆయన పేపరు వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసి నాకు చూపించాడు. పొరపాటు ల్యాబుదని రాశాడు, నా పేరు రాయలేదు. విదేశీ పరిశోధనశాలకూ అలాగే రాశాడు. నన్ను తీసేయలేదు. కానీ నా పని మీద తాందెకా రోజూ సంతకం చేయాలన్నాడు. అది సబబే.

అచ్చమ్మ గారికి ఇది చెప్పాలన్నాను. ఒక ఉత్తరం చాలన్నాడు ఆయన. తెలుసుకున్నది ఏదైనా స్వయంగా చెబుతానని కాగితం మీద సంతకం చేశానన్నాను. ఆయన, అయితే లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో ఏముందో కూడా చూసి వెళ్లండి అన్నాడు. కణాలను గడ్డకట్టించి దాచే ట్యాంకు అది. వచ్చిన ప్రతి నమూనా నుంచీ మొదటి వారాల్లోనే రెండు ట్యూబులు దాచడం తాందెకా అలవాటు. కె-7వి కూడా రెండు ఉన్నాయి. ఒకటి కరిగించి పరీక్ష చేయిస్తే అది అచ్చమ్మ గారి రక్తంతో సరిపోయింది. రెండోది మిగిలింది. దాంతో మళ్లీ మొదలుపెట్టవచ్చు, అనుమతి అడగండి అన్నాడు ప్రొఫెసర్.

ఈసారి ఉమ్‌కోమాస్‌లో తలుపు అచ్చమ్మ గారే తీసింది. పొట్టి చేతుల గౌను వేసుకుంది. ముడతలు పడి, రెండు రంగుల్లో ఉన్న కుడి చెయ్యి మోచేతి పైదాకా బయటే ఉంది. కేక్ కోసి పెట్టింది. మనవరాలు ఆ చెయ్యి పట్టుకునే పక్కన నిలబడింది. ల్యాబుకు వెళ్లొచ్చినప్పటి నుంచి అమ్మ పొడుగు చేతుల గౌన్లన్నీ మూట కట్టేసిందని, తన తోలు చావదని గుళ్లో అందరికీ చెబుతోందని సరస్ నవ్వుతూ చెప్పింది. నేను కేక్ ముట్టుకోలేకపోయాను.

“ఆంటీ, మీరు చూసినవి మీవి కావు” అన్నాను. “నా చేతి పొరపాటు వల్ల వేరే మనిషివి కలిశాయి. మీవి అంతకు ముందే చచ్చిపోయాయి.”

తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో మళ్లీ చెప్పాను. మొదట కోపం వచ్చింది సరస్‌కు. మా అమ్మను రెండుసార్లు వాడుకున్నారు, ఒకసారి అడక్కుండా, ఒకసారి అడిగి, అంది. తాందెకా మెల్లగా, తప్పు చేసిన పేజీని ఈవిడే తెచ్చి ఇచ్చిందని సరస్‌కు చెప్పింది. అవన్నీ మీ ల్యాబు లోపలి సంగతులు అంది సరస్.

అచ్చమ్మ గారు మాత్రం ఎడమ చేత్తో కుడి చెయ్యి నిమురుకుంటూ కూర్చుంది.

“మగోడా?” అంది చివరికి.

“అవును.”

“యాడోడు?”

“తెలియదు ఆంటీ. కాగితాల్లో అతని వయసు ఉంది, పేరు లేదు.”

“అతన్ని ఎవురన్నా అడిగినారా?”

“అదీ తెలియదు.”

“దినామూ దాంతో పని సేసేది నువ్వు. నీకు తెలవదా?”

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. రెండేళ్లకు పైగా ఆ మనిషి కణాలకు ఆహారం వేశాను, ఫ్లాస్కులు మార్చాను, వాటి మీద పడిన బూజును చూసి బాధపడ్డాను. అవి ఒకరివి అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

తర్వాత ట్యూబు సంగతి చెప్పాను. అది నిజంగా మీదే, పరీక్ష చేయించాం, దానితో మళ్లీ ప్రయత్నించడానికి ఒప్పుకుంటారా అని అడిగాను. ఒప్పుకుంటుందనే నా లోపల ఉంది. మైక్రోస్కోపు ముందు ఆవిడ ముఖం చూసినదాన్ని కదా.

“వద్దు” అంది అచ్చమ్మ గారు. “నాదనుకుని ఊరంతా సెప్పినా. ఇంక సాలు. నాది నాతోనే పోనీ.”

మనవరాలిని పిలిచి నా ముందున్న కేక్ కాగితంలో చుట్టించి, కారు దాకా వచ్చి ఇచ్చింది. చేతులు కప్పుకోలేదు. ఆ తర్వాత కప్పుకుందో లేదో నాకు తెలియదు. ఆ ఇంటికి మళ్లీ వెళ్లే పని పడలేదు, ఊరికే వెళ్లే ధైర్యమూ నాకు లేకపోయింది.

తిరిగి వచ్చి ఆవిడ వద్దన్నదని ప్రొఫెసర్‌కు చెప్పాను. కారణం ఏమైనా చెప్పిందా అని అడిగాడు. చెప్పింది, చెప్పకపోయినా సరిపోయేది అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రెండేళ్ల పని ఆ ట్యూబులో ఉంది. ఇంకెక్కడా లేదు. అయినా ఒక కాగితం తీసుకుని, దాత కోరిక మీద నాశనం చేయాలని రాసి సంతకం చేశాడు. తాందెకా ట్యూబును ఆటోక్లేవులో పెట్టింది. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే పెద్ద కుక్కరు లాంటిది అది. గంట తర్వాత తీసి చూపించింది. ముగ్గురం రిజిస్టరులో సంతకం చేశాం. ఒక మనిషి వద్దన్నందుకు కణాలను పారేయడం ఆ ల్యాబులో అదే మొదటిసారి.

సీసాల నియమం నేను ఇంకెప్పుడూ తప్పలేదు. నా తర్వాత చేరినవాళ్లకు కూడా ఆ రెండు పేజీలు చూపించే నేర్పాను. కానీ ఈ కేసు నాకు నేర్పింది అంతకన్నా ముందరి సంగతి. ఆ మొదటి రోజు అచ్చమ్మ గారు వద్దంటే ఏం చేస్తారని అడిగినప్పుడు నా దగ్గర సంతకం గీత ఉన్న కాగితమే ఉంది, జవాబు లేదు. నేను అడగడానికి వెళ్లలేదు, తీసుకురావడానికి వెళ్లాను. ఆ తర్వాత కాంట్రాక్టు పొడిగిస్తూ పోగా ఆ ల్యాబులో ఇంకో పదకొండేళ్లు పనిచేశాను. ఏ వార్డుకు అనుమతి పత్రం పట్టుకెళ్లినా, రోగి వద్దంటే ఏం చేస్తామో ముందుగా ప్రొఫెసర్ చేత రాయించుకుని, ఆ కాగితాన్నే మొదట చదివి వినిపించేదాన్ని. విన్నవాళ్లలో కొందరు వద్దన్నారు. వాళ్లకు కృతజ్ఞతలు చెప్పి వచ్చేశాను.